జంగ్ తిన్న ఫియట్

అబ్బా ఫియటుకి జంగ్ పట్టిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎంత పట్టిందో మాత్రం పాత లప్పం ఊడగొట్టేదాకా ఎవరికీ మాలూం లేదు.

ఆర్సీ పుస్తకంలో దాని పేరు ప్రీమియర్ పద్మిని. ఇటలీ ఫియట్ లైసెన్సు మీద బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్ 1100 బండికే 1974లో ఆ పేరొచ్చింది. మా మొహల్లాలో ఆ పేరు పలికిన పాపాన ఎవరూ పోలేదు. ఫియట్ అంటే ఫియటే. మాది బందరు. సముద్రపు గాలికి కిటికీ ఊచలే నిలవవు, కారు రేకు ఏపాటి! పైగా అబ్బా ఇంతెకాల్ తర్వాత నాలుగు వానాకాలాలు అది వేపచెట్టు కిందే ఉంది. రాలిన ఆకు తలుపుల్లోకి జారి, అడుగున నీళ్లు కారిపోయే చిల్లుల్ని మూసేసింది. బయట వాన వెలిసినా తలుపు కడుపులో నీళ్లు రోజుల తరబడి నిలిచేవి. జంగ్ ఎప్పుడూ లోపల్నించే వస్తుంది. పైన రంగు బుడగలా ఉబ్బిందంటే కింద పని ఆఖరికొచ్చినట్టే లెక్క.

బెజవాడ ఆటోనగర్లో టింకరింగ్ చేసే ఉస్తాద్ అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి ఒళ్లంతా తిప్పాడు. రేకు ఉన్నచోట పట్టుకుంది. కుడి తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే గుల్ల దూలం దగ్గర మాత్రం జారి కింద పడింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడిదాకా దిగింది. లప్పం పెచ్చులు రాలాయి, వాటి వెనకనుంచి తడి పీల్చి ముద్దైన న్యూస్‌పేపర్లు ఊడిపడ్డాయి. ఏళ్ల కిందట ఏదో షెడ్డులో చేయించిన మరమ్మతు! చిల్లులో కాగితాలు కుక్కి, లప్పం మెత్తి, రంగు కొట్టి ఇచ్చారు. ఆ పనిని అబ్బా వచ్చిన మెహమాన్లందరి దగ్గరా తారీఫ్ చేసేవాడు. అది యాదికొచ్చి నాకు మాట పెగల్లేదు.

“పైన పూసేస్తే వారంలో అయిపోద్ది భాయ్. కోస్తే ఎంతవుద్దో కోశాకే చెప్తా” అన్నాడు ఉస్తాద్.

భాయీజాన్ ఫోన్లో పూసేయమన్నాడు. ఆయన మాటా గలత్ కాదు. బండి ఎలాగూ అమ్మేదే, బేరం కూడా కుదిరింది. కొనేవాడు చిన్నపిల్లలున్న కుర్రాడు. నాకు అక్కడే గొంతులో ముల్లు పడింది. లారీకో జీపుకో ఉన్నట్టు ఈ బండికి విడిగా చాసిస్ ఉండదు, రేకులే ఒకదాన్నొకటి పట్టుకుని బరువు మోస్తాయి. ఆ దూలం గుల్లైతే అది అందం మసలా కాదు, లోపల కూర్చున్నవాళ్ల జాన్ మసలా. కోయమన్నాను.

ఉస్తాద్ కోత మొదలుపెట్టలేదు. ముందు తలుపులు ఊడదీసి, ఆ ఖాళీల్లో అడ్డంగా ఇనుప యాంగిళ్లు అతికించాడు. అవి లేకుండా దూలం కోస్తే నడుములో బండి కుంగిపోతుందట. ఆ తర్వాత తలుపు జన్మలో పట్టదు. కోతలో నాకు నచ్చింది ఆయన లాలచ్ లేకపోవడం. మెరిసే రేకు కనిపించేదాకా కోశాడు, అంగుళం కూడా ఎక్కువ పోలేదు. అంచుల్లో మిగిలిన పలచటి తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ రాస్తే అది నల్లబడింది.

కొత్తది 20 గేజి రేకు. సుత్తితో, చెక్కదిమ్మతో దానికి పాత వంపు తేవడానికి ఒక రోజంతా పట్టింది. అతకడం సీఓటూ వెల్డింగుతో. గ్యాస్ మంట వేడి చుట్టూ పాకి పలచటి రేకును వంకర్లు తిప్పుతుంది. ఇక్కడొక చుక్క, మూరెడు దూరంలో ఇంకో చుక్క, చల్లారేదాకా బీడీ. షాగిర్దు తొందరపడి రెండు చుక్కలు పక్కపక్కనే వేస్తే మొట్టికాయ పడింది. ఆఖర్న దూలం లోపలికి మైనం కలిపిన నూనె కొట్టి, అడుగు చిల్లులు తెరిచే ఉంచాడు. నీళ్లకి దారి ఇవ్వని రిపేరు రిపేరే కాదని ఆయన నియమం.

యాంగిళ్లు తీసి తలుపు బిగించాం. వేలితో నెడితే టక్‌మని పడింది.

ఎడమ పక్క ఇంకా అలాగే ఉంది. భాయీజాన్ తన హిస్సా డబ్బు పంపాడు. బేరం సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు.