లేని యంత్రమునకు కొలతలు

మా పాఠశాల వార్షిక సంచికకు కొండపల్లి బొమ్మలను గూర్చి యొక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదక వర్గమువారు మమ్ము కోరిరి. ఆ బొమ్మలను గూర్చి ప్రతి సంచికయందును ఎవరో యొకరు వ్రాయుచునే యున్నారు. అంబారీ యేనుగు, దశావతారములు, తాటిచెట్టెక్కు గీతగాడు మన విద్యార్థులకు కంఠస్థములు. కావున మేము వేరొక బొమ్మను గూర్చి వ్రాయ సాహసించుచున్నాము. అది లోకమున నెన్నడును నడువని యొక యంత్రము. దాని లోపలి గదిని కంప్యూటరునందు నిర్మింప బూని యెనిమిది నెలలు మేము పడిన పాట్లును, నడుమ చేసిన తప్పొకటియు ఇందు చెప్పెదము.

1991వ సంవత్సరము జూలై నెలలో 'ఆదిత్య 369' అను చలనచిత్రము విడుదలయ్యెను. అప్పటికి మాకు పదియేండ్లు. మా మేనమామగారు మమ్ము బెజవాడకు తీసికొనిపోయి దానిని చూపించిరి. చదువరులలో పెద్దలందరికిని కథ తెలిసినదే. ఒక శాస్త్రజ్ఞుడు కాలమునందు ముందునకును వెనుకకును పోగల యంత్రమును నిర్మించును; నాయికా నాయకులు దానిలో చిక్కుకొని 1526వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయల కొలువునకును, పిమ్మట 2504వ సంవత్సరమునకును పోవుదురు. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్సు 1895లో ప్రకటించిన కాలయంత్రపు నవలనుండి మొలచిన యూహను దర్శకులు సింగీతం శ్రీనివాసరావుగారు మన రాయలవారి కొలువువరకు నడిపించిరి. కళాదర్శకులు పేకేటి రంగాగారు. ఆ చిత్రమునకుగాను వారికి నంది బహుమానము లభించెను. ఈ పేరు చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. మరల దీనితో పని యున్నది.

ఇంటికి వచ్చినది మొదలు మాకు అన్నము సహింపలేదు. ఒక బిస్కత్తుల రేకుడబ్బాను సంపాదించి, పొరుగింటి బొమ్మలవారి యరుగు క్రింద రాలిన పొనికి ముక్కలేరి తెచ్చి, వారినే బ్రతిమాలి చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కు కొంచెము పెట్టించుకొని, ఆ ముక్కలను మీటలుగా డబ్బా లోపల అంటించితిమి. మా తల్లిగారు చూచి "ఏమిరా, ఈ డబ్బాలో కూర్చుని ఎక్కడికి పోతావు?" అని అడిగిరి. "రాయలవారి కాలానికమ్మా" అంటిమి. "సరే, పోయేముందు రెండు బిందెలు నీళ్ళు తోడి పో" అనిరి. యంత్రము వారము దినములు మాత్రమే నిలిచెను. తరువాత నా డబ్బాయందు చింతపండు చేరెను.

పిమ్మట శిక్షణ కళాశాల, ఉద్యోగము, సంసారము, గణితము. ముప్పదినాలుగేండ్లు గడచినవి. 2025 ఏప్రిల్ నెలలో ఆ చిత్రము క్రొత్త మెరుగులతో మరల విడుదల కాగా, మా కుమార్తెను వెంటబెట్టుకొని పోతిమి. ఇన్ని యేండ్లుగా దానికి యంత్రపు గదిని వర్ణించి చెప్పియుంటిమి. ఏమి చెప్పుదుము! మా మనస్సున పెరిగి పెరిగి సభామంటపమంత యైన గది, తెరమీద కొలదిమంది ఇరుకుగా కూర్చుండు చోటు. అదియును కొలదిసేపు కనబడి మాయమగుచుండెను. "నాన్నగారూ, మీరు చెప్పింది ఇదేనా?" అని యా పిల్ల అడిగెను. ఇదియే యని యొప్పుకొనుటకు మాకు మనసొప్పలేదు. ఆ రాత్రియే దానిని కొలతలతో సహా నిర్మించి చూడవలెనని నిశ్చయించుకొంటిమి.

దీనికి బ్లెండరు అను సాధనము కలదు. నెదర్లాండ్సు దేశీయుడైన టోన్ రోసెండాల్ అను నతడు దానిని కల్పించెను. దానిని నడుపుచుండిన సంస్థ మూతపడగా, 2002లో ప్రపంచము నలుమూలలనుండి వాడుకరులు ఏడు వారములలో లక్ష యూరోలు చందా వేసికొని, దానిని అందరికిని ఉచితముగా దక్కునట్లు చేసిరి. అందుచేతనే మావంటి బడిపంతులు కాసు వెచ్చింపక దానిని వాడగలుగుచున్నాడు. మొదట తెరమీద ఒక ఘనము కనబడును. దాని కోణములు బిందువులు, అంచులు రేఖలు, ప్రక్కలు తలములు. ఒక తలమును పట్టి బయటికి లాగిన గోడయగును. లోపలికి నొక్కిన గూడగును. యూక్లిడు జ్యామితి చెప్పుకొని బ్రతుకువారికి ఇది పరిచయమైన దేశమే. చిక్కంతయు కొలతలయందున్నది.

లేని వస్తువును కొలుచుట యెట్లు? చిత్రమును ఒకచోట నిలిపి, అందు మన మెరిగిన పరిమాణముగల వస్తువును వెదకవలెను. మనుష్యుడు కూర్చుండు ఆసనము నేలకు ఒకటిన్నర అడుగు ఎత్తున నుండుట వాడుక. దానిని కొలబద్దగా గొనిన తక్కినవి తేలును. సమాంతరములైన రేఖలు చిత్రమునందు దూరమున నొక బిందువున గలియును. ఆ బిందువు దొరకెనా, కెమెరా యెచ్చట నిలిచెనో తెలిసిపోవును. ఈ లెక్కకే మాకు వేసవి సెలవులు చెల్లినవి.

ఇట్టి పిచ్చి మాకొక్కరికే కలదనుకొంటిమిగాని, లోకమున దీనికొక సంప్రదాయమే యున్నదని పిమ్మట తెలిసినది. అమెరికాయందు 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' అను టెలివిజను కథలోని ఎంటర్‌ప్రైజు నౌకను, విమాన నిర్మాణశాలలో చిత్తుపటములు గీసిన ఫ్రాంజ్ జోసెఫ్ అను నతడు అంతస్తులవారీగా గీసి 1975లో ప్రకటించెను. ఆ నౌక యొక్క పదునొకండు అడుగుల నమూనా నేడు వాషింగ్టను నగరపు ప్రదర్శనశాలలో నిజమైన విమానముల సరసన నున్నది. ఆ కథలో వైద్యుడు రోగులను పరీక్షించు వింత సాధనములేమో తెలియునా? ఉప్పు చల్లుకొను సీసాలు! బల్లమీద పెట్టుటకై తెచ్చిన సీసాలు మరీ వింతగానున్నందున ప్రేక్షకులు వానిని ఉప్పుసీసాలని పోల్చుకొనలేరని, వైద్యుని పెట్టెలోనికి మార్చిరట. 1977 నాటి 'స్టార్ వార్స్' చిత్రమున వెలుగు కత్తికి పిడి, పాత గ్రాఫ్లెక్సు కెమెరా యొక్క మెరుపుదీపపు పిడియే. అభిమానులు దాని జాడ తీసి పాతసామానుల అంగళ్ళలో గాలించి, కొలతలు తీసికొనిరి. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చిత్రమునకై ముప్పదియెనిమిది అడుగుల వ్యాసముగల తిరుగుడు గదిని ఇంగ్లండులోని విమాన నిర్మాతలచేత కట్టించిరి. చిత్రము ముగిసిన పిమ్మట దర్శకుడు కుబ్రిక్, తన సామాను ఇతర చిత్రములలో కనబడరాదని, పెక్కింటిని ధ్వంసము చేయించెను. అట్టి వానిని ఇప్పుడు చూడవలెనన్న ఎవరో యొకరు మరల నిర్మింపవలసినదే.

శ్రావణ మాసమునకు మా గది పూర్తియయ్యెను. గోడలు నిలిచినవి, దీపములు వెలిగినవి. పాఠశాల కంప్యూటరు మిక్కిలి ముసలిది. ఒక్క చిత్రము తేలుటకు రాత్రియంతయు పట్టుచుండెను. నడుమ విద్యుత్తు పోయిన మరల మొదటికే. ఇంత చేసియు ఆ గదియందు ప్రాణము లేదు. ఎందుచేతనో మాకు బోధపడలేదు.

అప్పుడు పదవ తరగతి బాలుడొకడు జ్ఞప్తికి వచ్చెను. బొమ్మల కాలనీ వాడు. తండ్రి బొమ్మల పనివాడు. అంతకు ముందటి యేడు జ్యామితి పాఠము జరుగుచుండగా వీడు నోటు పుస్తకమున 'కల్కి 2898 ఏ.డీ.' చిత్రములోని 'బుజ్జి' యను బండిని గీయుచు మాకు దొరకెను. ముందు రెండు పెద్ద చక్రములు, వెనుక నొక్కటి, ఆరు టన్నుల బరువుగల యా బండిని ఆ చిత్రమువారు నిజముగానే కట్టించిరి. మేము పుస్తకమును లాగికొని అలమారులో పెట్టి తాళము వేసితిమి. తోటి బాలుర యెదుట నాలుగు మాటలనియు నుంటిమి. ఇప్పుడా పుస్తకమును తీసి చూడగా మాకు సిగ్గయ్యెను. బండి యొక్క ఒక్కొక్క భాగమును విడివిడిగా గీసి, ఏది దేనిలో కూర్చుండవలెనో గుర్తులు వేసియున్నాడు. ఏనుగు యొడలు వేరుగా, తొండము వేరుగా, చెవులు, కాళ్ళు వేరుగా చెక్కి మక్కుతో అతుకు ఇంటివాడు మరి యెట్లు గీయును?

వానిని పిలిచి మా గదిని చూపితిమి. వాడు చాలసేపు చూచి, "దీనిలో ఎవరూ కూర్చోలేదు మాస్టారూ" అనెను.

మాకర్థము కాలేదు. "అంచులన్నీ కత్తిలా ఉన్నాయి. మా నాన్న ఉలితో చెక్కాక ఆకురాయితో అంచులు మొద్దు చేస్తాడు. లేకపోతే అక్కడే ముందు రంగు లేస్తుంది. చెయ్యి పడ్డ చోట నునుపు వస్తుంది, చెయ్యి పడని మూల దుమ్ము ఉంటుంది. మీ దాంట్లో అంతా ఒకటే" అని వాడు వివరించెను. నాటినుండి సాయంకాలము బడి విడిచిన పిమ్మట గంటసేపు మాతో కూర్చుండెను. ప్రతి యంచును వెండ్రుకవాసి గుండ్రము చేసెను. తలుపు పిడివద్ద రంగును పలుచ చేసెను. ఒక మీటను కావలెననియే కొంచెము వంకరగా నిలిపెను. ఆ వంకర మీట చూచినప్పుడే మేము పదియేండ్ల వారమై మేనమామగారి ప్రక్కన కూర్చుంటిమి.

ఒకనాడు వాని తండ్రి బడికి వచ్చెను. "మాస్టారుగారూ, వీడిని ఉలి పట్టమంటే మౌసు పడుతున్నాడు" అని నవ్వుచునే యనెను. ఆ నవ్వు నిలువలేదు. పొనికి కర్ర దూరము కొండలనుండి రావలెను. మొక్కలు నాటినను చెట్టగుటకు ఏండ్లు పట్టును. ఈడువారు పని మానుచున్నారు. "పని నేర్చుకోమని గట్టిగా చెప్పలేను, మానెయ్యమనీ చెప్పలేను. మీరేమంటారు?" అని యడిగెను. ఇరువది యేండ్లుగా తల్లిదండ్రులకు సలహాలు చెప్పుచున్నాము. నాడు మాత్రము మాకు మాట తోచలేదు, కాఫీ తెప్పించితిమి.

ఇక తప్పు సంగతి. నవంబరులో పాఠశాల ప్రదర్శనమునకు ఆ చిత్రమును పెద్దదిగా అచ్చొత్తించి గోడకు కట్టితిమి. 2018లో ఎంటర్‌ప్రైజు నౌక లోపలిభాగమును కంప్యూటరున పునర్నిర్మించిన అభిమానుల 'స్టేజ్ 9' అను ప్రయత్నము హక్కుదారుల యుత్తరముచే నిలిచిపోయినదని చదివియుంటిమి గనుక, జాగ్రత్తపడి క్రింద చిత్రము పేరును, పేకేటి రంగాగారి పేరును వ్రాసి, దాని క్రింద మా పేరు వ్రాసితిమి. పరుల సొమ్మునకు పరుల పేరు పెట్టితిమని గర్వపడితిమి కూడను. బాలుని పేరు వ్రాయలేదు. దాచవలెనని కాదు, మేమనగా వాడును చేరియే యున్నాడని తలచితిమి. ఈ వ్యాసమునందు 'మేము' అనుట వ్రాతమర్యాద. ఆ చీటీమీది పేరు మాత్రము ఒక్కరిదే.

వాడు చీటీ చదివి యేమియు ననలేదు. మరునాటినుండి సాయంకాలములు రాలేదు. రెండు వారములు చూచి, ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట వాని యింటికి పోతిమి. తండ్రి కంగారుపడి స్టూలు వేసెను. వాడు వసారాలో ఎడ్లబండి చక్రములకు రంగు పెట్టుచుండెను. తప్పు మాదియనియు, చీటీ మార్చెదమనియు తండ్రి యెదుటనే చెప్పితిమి. వాడు కుంచె దింపకయే, "పేరు సంగతి కాదు మాస్టారూ. నా పుస్తకం ఇంకా ఇవ్వలేదు మీరు" అనెను.

నిజమే. అలమారునుండి తీసి, చూచి, మెచ్చుకొని, మరల అలమారులోనే పెట్టితిమి. మరునాడు ప్రార్థన గంటకు ముందే దానిని వాని చేతికిచ్చితిమి. క్రొత్త చీటీ వానిచేతనే వ్రాయించితిమి. రంగాగారి పేరు మొదట, తనది పిమ్మట, మాది చివర వ్రాసెను. ఆ వరుసయందు మాకాక్షేపణ లేదు.

డిసెంబరులో వాడు కంప్యూటరునందలి కొలతలనే పదియవ వంతుకు తగ్గించి, పొనికి కర్రతో ఆ యంత్రమును చెక్కెను. ఒక మీట విరుగగా తండ్రి మక్కుతో అతికి, రంగును తానే వేసెను. పండుగ దినములలో అది వారి అంగడి బల్లమీద అంబారీ యేనుగు ప్రక్కన నుండుట మేము చూచితిమి. బెజవాడనుండి వచ్చిన యొక యమ్మగారు దానిని అటునిటు త్రిప్పి చూచి, ధర యెంతయని యడిగెను. అది అమ్మేది కాదని కొడుకును, రెండువందల యాబదియని తండ్రియు ఒక్కసారే చెప్పిరి.