దిక్సూచి, అంతరాత్మ

పుస్తకములను సంగ్రహించువారు సాధారణముగా శుభ్రమైన ప్రతులనే కోరుదురు. అంచులు నలగనివి, మరకలు లేనివి వారికి ప్రీతి. హీబ్రూ భాషలో అచ్చయిన పాత స్కౌటు కరదీపికలను ప్రోగుచేయువాని రుచి ఇందుకు విరుద్ధము. ఆ పుస్తకములు బీరువాలలో నిలుచుటకు పుట్టినవి కావు. జేబులో ఇమిడి, వానలో తడిసి, నెగడు ప్రక్కన మసి పట్టుటకు పుట్టినవి. మచ్చ లేని ప్రతి దొరికినచో, దానిని ఏ బాలుడును అడవికి తీసికొనిపోలేదని అతడు గ్రహించును. మైనపు చుక్క పడినది, ముడులు వేయు విధానమును చూపు పుట చిరిగినది దొరికినచో సంతోషించును.

ఈ కరదీపికలకు మూలము ఇంగ్లండులో కలదు. 1908లో బేడెన్ పవెల్ 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' అను గ్రంథమును పక్షమునకొక భాగముగా వెలువరించెను. సామ్రాజ్యసేవకు బాలురను సిద్ధపరచు ఉద్దేశము అందులో దాగి యుండెను. కాని ఏ జాతి చేతికి చిక్కిన, ఆ జాతి దానిలో తన ఆకాంక్షను నింపుకొన్నది. భారతదేశములోని స్కౌటు దళములలో మొదట భారతీయ బాలురకు ప్రవేశము లేకుండెను. అందుచేత అనీ బిసెంటు, మదనమోహన మాలవీయ మున్నగువారు వేరుగ దేశీయ సంస్థలను నెలకొల్పిరి. 1913లో గలీషియాలోని యూదు యువకులు 'హషోమెర్ హత్సాయిర్' అను సంఘమును ఏర్పరచిరి. 1919లో పాలస్తీనాలో హీబ్రూ స్కౌటుల ఉద్యమము ఆరంభమైనది. దళనాయకుని ఆజ్ఞ మొదలు నెగడు ముందు కథ వరకు సర్వమును హీబ్రూలోనే జరుగవలెనని వారి పట్టుదల.

అది సులభమైన పట్టుదల కాదు. హీబ్రూ వేల ఏండ్లుగా ప్రార్థనకును, శాస్త్రచర్చకును, కావ్యమునకును నెలవైన భాష. ఎలియెజెర్ బెన్ యెహూదా 1881లో పాలస్తీనా చేరి, దానిని ఇంటి భాషగా మార్చుటకు పూనుకొనెను. త్రాడు, గుడారము, నిప్పు అను మాటలు బైబిలులోనే కలవు. తక్కిన వాటికి పాత మాటలకు క్రొత్త పని అప్పగింపవలసివచ్చెను. స్కౌటుకు 'త్సోఫె' అను పేరు పెట్టిరి. యెహెజ్కేలు ప్రవక్త గ్రంథములో ఇశ్రాయేలునకు కావలివాడను అర్థములో వచ్చు మాట అది. 'సిద్ధముగా ఉండుము' అను స్కౌటు నినాదమునకు 'హెయె నఖోన్' అని చెప్పుకొనిరి. నిర్గమకాండములో, ఉదయమునకు సిద్ధపడి సీనాయి కొండ ఎక్కుమని మోషేకు వచ్చిన ఆజ్ఞలో ఆ మాటలే కలవు. ఉత్తరదిక్కు 'త్సఫోన్', దిక్సూచి 'మత్స్పేన్', అంతరాత్మ 'మత్స్పూన్' – ఈ మూడింటిలోను అవే మూడు హల్లులు. దిక్సూచిని చేతబట్టిన బాలుడు, తెలియకయే, అంతరాత్మ ప్రక్కనే నడచుచున్నాడు.

సంగ్రహకునికి ఇట్టి పుస్తకము కాలమును నిర్ణయించుటయు ఒక విద్య. పుస్తకము మనకు వెనుకవైపు అనిపించు అట్టనుండి తెరుచుకొనును. ముద్రణవత్సరము తరచుగా అంకెలలో గాక అక్షరములలో ఉండును. తావ్ 400, రేష్ 200, పే 80, హే 5, మొత్తము 685. వేల సంఖ్యను విడిచి వ్రాయుట వాడుక గనుక అది 5685వ వత్సరము. దానిలో 3760 తీసివేసిన 1925 వచ్చును. హీబ్రూ సంవత్సరాది శరదృతువులో గనుక, పుస్తకము 1924 చివరిదియు కావచ్చును. ఆపైన కాగితమును, కుట్టుపిన్నుల త్రుప్పును, అచ్చులను తెలుపు చుక్కలు గీతలు అక్షరముల క్రింద ఉన్నవా లేవా అనుటను పరిశీలింపవలెను. చుక్కలున్నచో అది ఆ లిపిని క్రొత్తగా నేర్చినవారిని, లేదా చిన్న పిల్లలను ఉద్దేశించినదై యుండవచ్చును.

కాని అసలు పని అట్ట లోపలి పుటలో ఉన్నది. అక్కడ పెన్సిలుతో వ్రాసిన పేరు, శాఖ యొక్క రబ్బరు ముద్ర కనిపించును. హషోమెర్ హత్సాయిర్ వారు తమ శాఖను 'కెన్' అందురు. గూడు అని అర్థము. పాలస్తీనా స్కౌటులు 'షేవెత్' అందురు. తెగ అని అర్థము. ముద్రలో పోలెండులోని ఊరి పేరున్నచో చూచువాని చేయి ఒక క్షణము ఆగును. 1939కి ముందు ఆ దేశములో దాదాపు 33 లక్షల యూదులుండిరి. వారిలో సుమారు 30 లక్షలమంది హతులైరి. 1943లో వార్సా గెట్టోలో తిరుగుబాటునకు నాయకత్వము వహించి మరణించిన మొర్దెఖాయ్ అనీలెవిచ్ ఈ హషోమెర్ హత్సాయిర్‌లో పెరిగినవాడే. పెన్సిలు పేరు కలవాడు ఏమైనాడో పుస్తకము చెప్పదు. పేరు మాత్రము నిలిచినది.

పాలస్తీనాలో వాడిన ప్రతులు మరియొక ప్రశ్నను అడుగును. దేశమును కాలినడకన తెలిసికొనుట ఆ స్కౌటులకు ప్రధానవిద్య. పుటల నడుమ ఆనాటి బ్రిటిషు సర్వే పటము మడిచి పెట్టబడి యుండుటయు కలదు. దానిపై ఎర్ర పెన్సిలు గీత బావి దగ్గర ఆగి, అరబ్బు గ్రామముల మీదుగా సాగును. 1948 యుద్ధకాలములో సుమారు 7 లక్షల పాలస్తీనా అరబ్బులు నిరాశ్రయులైరి. 400కు పైగా గ్రామములు శూన్యములైనవి. పటమును చింపివేసిన ప్రతి తేలికగా అమ్ముడుపోవచ్చును. అయినను పటము లేని పుస్తకము సగము సాక్ష్యమే. పోలెండు బాలుని పేరును కాపాడుటకు ఏ న్యాయమో, ఆ గ్రామము పేరును కాపాడుటకును అదే న్యాయము.

కావున నిజమైన సంగ్రహకుడు పుస్తకమునకు నూతనమైన అట్ట వేయించడు, పెన్సిలు వ్రాతను చెరుపడు. త్రుప్పు పట్టిన పిన్నును తీసి, దారముతో కుట్టును. పట్టికలో ఒక వరుసకు ముద్రణవత్సరము, ఒక వరుసకు పుస్తకము గలవాని పేరు, ఒక వరుసకు ఊరు వ్రాయును. మడిచిన పటమున్నచో, దాని మీద చదువ వీలైన ప్రతి గ్రామము పేరును చివరి వరుసలో ఎక్కించును.