కన్ను చూసినదీ, కోర్టు విన్నదీ

సాక్షి అనే మాటలోనే కన్ను ఉన్నది. అక్షి కలవాడు సాక్షి. మన జనం వాడుకలో కూడా "కళ్ళారా చూశాను" అన్న తరవాత ఇక వాదన లేదు. కన్ను ఒక కెమెరా అనీ, మనస్సు ఫిలిం అనీ, బోనెక్కిన సాక్షి ఆ ఫిలింను తిరిగి ఆడించి చూపుతాడనీ అందరి నమ్మకం. ఈ నమ్మకం చెల్లదని మనస్తత్వశాస్త్రం నూరేళ్ళకు పైగా చెబుతూనే ఉన్నది. అయితే ఆ శాస్త్రాన్ని ఎవరు, ఎవరి మీద ప్రయోగిస్తున్నారు? నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇది.

నేను ఉస్మానియాలో పాఠాలు చెప్పేవాణ్ణి, కాపురం తార్నాకలో. ఒకనాడు క్లాసు నడుస్తుండగా, ముందే అనుకున్న ప్రకారం ఒక అపరిచితుడు లోపలికి వచ్చి, నాతో రెండు మాటలు గట్టిగా మాట్లాడి, బల్లమీది సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇది నా సొంత కల్పన కాదు. గత శతాబ్దం ఆరంభంలోనే బెర్లినులో లిస్టు అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు తన తరగతిలో పిస్తోలు పేలినట్టు నాటకమాడించి, విద్యార్థుల చేత చూసినది రాయించాడు. నేనూ రాయించాను. ఏ ఇద్దరి కాగితాలూ పూర్తిగా కలవలేదు. అందులో వింత లేదు. వింత మరునాటిది. రాత్రి హాస్టల్లో, ఉదయం క్యాంటీనులో అందరూ ఆ సంగతే చెప్పుకున్నారు. రెండోసారి రాయించగా కాగితాలు చాలావరకు కలిశాయి! వచ్చినవాడు నన్ను చేత్తో నెట్టాడని పలువురు రాశారు. అతను నన్ను తాకనైనా తాకలేదు. మొదటినాటి కాగితాల్లో ఆ మాట ఒక్కరిదే.

సాక్ష్యాలు పొందికగా ఉంటే సత్యమనుకునేవారు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. పెద్ద గుంపు చేసిన నేరాల్లో ఇద్దరు ముగ్గురు సాక్షులు పొందికగా చెబితేనే ఒక ముద్దాయికి శిక్ష వేయడం మంచిదని సుప్రీంకోర్టు 1964లో మసల్తీ కేసులో సూచించింది. నిరపరాధుల రక్షణ కోసం చెప్పిన మంచి మాటే. కాని ఆ పొందిక విడివిడి కన్నులది కావాలి. ఒకే అరుగు మీద కూర్చుని కలబోసుకున్న కబుర్లది కాకూడదు.

జ్ఞాపకం దాచిపెట్టిన పత్రం కాదు. తలచుకున్న ప్రతిసారీ మనస్సు దాన్ని కొత్తగా కడుతుంది. ఉన్న ఇటుకలు చాలకపోతే పొరుగింటివి తెచ్చుకుంటుంది. స్మృతి అంటే పునర్నిర్మాణమని బార్ట్లెట్ 1932లోనే రాశాడు. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్‌లు 150 మంది విద్యార్థులకు ఒక కారు ప్రమాదం ఫిలిం చూపారు. కార్లు "తగిలినప్పుడు" వేగం ఎంత అని 50 మందిని, "తుక్కుతుక్కుగా ఢీకొన్నప్పుడు" ఎంత అని మరో 50 మందిని అడిగారు. మిగిలిన 50 మందిని వేగం సంగతే అడగలేదు. వారం తరవాత, పగిలిన గాజు చూశారా అన్న ప్రశ్నకు మొదటివారిలో 7 గురు, రెండోవారిలో 16 గురు, ఏమీ అడగనివారిలో 6 గురు చూశామన్నారు. ఫిలింలో పగిలిన గాజే లేదు. ప్రశ్నలోని ఒక్క క్రియాపదం సాక్షి కంట్లో గాజుపెంకులు చల్లింది.

మా ప్రాంగణానికి ఈ విషయం పరాయిది కాదు. 1972 ఏప్రిల్ 14న, భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి జార్జిరెడ్డిని ఇంజనీరింగు కాలేజీ హాస్టల్ దగ్గర పొడిచి చంపారు. కోర్టులో ముద్దాయిలు నిర్దోషులుగా విడుదలయ్యారు. ఆనాడు ఇక్కడ చదువుకున్నామనే పెద్దలు తార్నాక వీధుల్లో నేటికీ తారసపడతారు. వారిలో ఒకాయన నాతో ఎప్పుడూ, "దూరం నుంచి గుంపును చూశానండీ, ముఖాలు తెలియలేదు" అనేవారు. 2019లో జార్జిరెడ్డి మీద సినిమా వచ్చింది. ఆ తరవాత ఆయన కథలోకి ముఖాలు వచ్చాయి, మాటలు వచ్చాయి. ఆయన అబద్ధమాడటం లేదు. చూసినది ఎక్కడ, విన్నది ఎక్కడ, తెర మీద కనిపించినది ఎక్కడ అన్న గుర్తులు మనస్సులో ముందుగా చెరిగిపోతాయి. బొమ్మ మాత్రం నిలుస్తుంది. సంవత్సరాలు గడిచేకొద్దీ బొమ్మ ఎంత స్పష్టమైతే మనిషి అంత గట్టిగా నమ్ముతాడు.

మనస్సు తెచ్చుకునే ఇటుకలకు కులమూ వర్గమూ కూడా ఉంటాయి. ఆల్పోర్టు, పోస్ట్‌మన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు 1947లో వదంతుల మీద ఒక గ్రంథం ప్రకటించారు. వారు చూపిన ఒక బొమ్మలో మంగలికత్తి తెల్లవాడి చేతిలో ఉన్నది. చూసినవాడు చూడనివాడికి, అతడు మరొకడికి చెప్పుకుంటూ పోగా, సగానికి పైగా ప్రయోగాల్లో ఎక్కడో ఒకచోట ఆ కత్తి నల్లవాడి చేతిలోకి మారిపోయింది.

తార్నాకలో ఆ కత్తి చేతులు మారడం నేను కళ్ళెదుట చూశాను. ఒక సాయంకాలం ఒకావిడ మెడలో గొలుసు తెంపుకుని ఎవడో మోటారు సైకిలు మీద పారిపోయాడు. "నాకు చెయ్యి ఒక్కటే కనబడ్డది బాబూ" అన్నదామె. అప్పటికే ఎవరో "బస్తీ పోరగాడు" అన్నారు. మాట గుంపులో పాకింది. కాసేపటికి, ఒళ్ళంతా సిమెంటు దుమ్ముతో నడిచిపోతున్న కూలి కుర్రవాణ్ణి పట్టుకొచ్చారు. పోలీసు అడిగాడు: "సరిగ్గ చూడమ్మా, వీడే గదా?" ఆమె తటపటాయించి "అట్లనే ఉన్నడు" అన్నది. "శభాష్, మంచిగ గుర్తుపట్టినవ్" అన్నాడతను. మూడోసారి చెప్పేనాటికి ఆ "అట్లనే" ఎగిరిపోయింది. "వీడే, నేను చూసిన" అన్నది. ఆ గంటలో కుర్రవాడు స్లాబు పనిలో ఉన్నాడని మేస్త్రీ వచ్చి చెప్పినందున వదిలిపెట్టారు. మేస్త్రీ రాని కుర్రవాళ్ళ గతి ఏమిటి?

ఆ "శభాష్" ఏం చేస్తుందో వెల్స్, బ్రాడ్‌ఫీల్డ్‌లు 1998లో ప్రయోగం చేసి చూపారు. సరైనవాణ్ణే గుర్తుపట్టారని చెప్పినంతనే సాక్షికి ధీమా పెరుగుతుంది. అంతేగాక, ఆనాడు తాను ముఖం బాగా చూశాననే నమ్మకం కూడా పుడుతుంది. ఇదే వెల్స్ 1978లో ఒక విలువైన విభజన చేశాడు. వెలుతురు, దూరం, భయం, కత్తి మీదనే చూపు నిలిచిపోవడం వంటివి నేరం జరిగినప్పటి పరిస్థితులు. వాటిని మనం మార్చలేం. ప్రశ్న అడిగే తీరు, గుర్తింపు పరేడ్ జరిపే పద్ధతి, విచారణ ఆలస్యం వంటివి వ్యవస్థ చేతిలోనివి, వాటిని మార్చవచ్చు. తార్నాక దాటితే హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉన్నది. 1980 దశకం చివర లాల్జీసింగ్, ఆయన సహచరులు మన దేశపు డి.ఎన్.ఏ. ముద్రల పద్ధతిని రూపొందించినది అక్కడే. అమెరికాలో అటువంటి పరీక్షల వల్ల నిర్దోషులుగా బయటపడినవారి కేసుల్లో, సుమారు మూడింట రెండు వంతుల్లో సాక్షుల తప్పు గుర్తింపు ఉన్నది.

ఇంతవరకు చదివినవారు, సాక్షులను నమ్మరాదన్నమాట అనుకోవచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను వెంటాడి చంపారు. ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. సాక్షుల మాటల్లోని తేడాలు ఆ విడుదలకు ఒక ఆధారం. ప్రాణభయంతో పొలాల్లో పరుగెత్తిన మనిషి, గంటా నిమిషమూ తప్పకుండా పదహారేళ్ళ పాటు గుర్తుంచుకోవాలా? మనస్సు వీడియో టేపు కాదని సుప్రీంకోర్టే 1983లో భోగిన్‌భాయి కేసులో చెప్పింది. ఘటన తాలూకు అసలు విషయం నిలిచి అంచులు చెదరడం సహజమని ఆ తీర్పు సారం. శాస్త్రం చెప్పేదీ చాలావరకు అదే.

కాబట్టి స్మృతి బలహీనత అన్న మాట రెండువైపులా పదునున్న కత్తి. కూలి కుర్రవాడి మీద నేరం మోపినప్పుడు అది ఎవరికీ గుర్తుకు రాదు; దళితుడు బోనెక్కినప్పుడు మాత్రం గుర్తుకొస్తుంది. సాక్షి నమ్మదగినవాడా అని అడిగేముందు, ఆ సాక్ష్యాన్ని మనం ఎట్లా సేకరించామని వ్యవస్థను అడగాలి. మొదటి మాటను ఆనాడే, ఎవరితోనూ చర్చించకముందే, అతని మాటల్లోనే రాసుకున్నారా? "వీడే గదా" అని అందించకుండా అడిగారా? గుర్తింపు పరేడ్ నడిపిన మనిషికి అనుమానితుడెవరో తెలియకుండా జాగ్రత్తపడ్డారా? విచారణ జ్ఞాపకం బతికుండగా జరిగిందా? 2024 జులై నుంచి 1872 నాటి సాక్ష్య చట్టం పోయి కొత్త చట్టం అమలులోకి వచ్చింది. పేరు మారినంతమాత్రాన ఈ ప్రశ్నలు తీరవు.

న్యాయశాస్త్ర విద్యార్థులూ, మనస్తత్వశాస్త్ర విద్యార్థులూ ఈ ప్రాంగణంలో ఒకరి పాఠం ఒకరు వినకుండానే పట్టాలు పుచ్చుకుంటున్నారు. ముందు వాళ్ళను ఒక గదిలో కూర్చోబెట్టాలి. చుండూరు తీర్పులు రెంటినీ వారి చేతికిచ్చి, ఏ తేడా అబద్ధపుదో, ఏ తేడా పదహారేళ్ళ కాలానిదో విడదీసి చూపమనాలి.