మా మంచిర్యాలలో అరమైలు నడక

యాత్రయనినతోడనే సోదరీమణులకు కాశీయో రామేశ్వరమో స్ఫురించును. పత్రికలలోని యాత్రావ్యాసములును తఱచుగ నట్టివియే. నేనిచట వ్రాయబూనినది మిక్కిలి చిన్న యాత్ర. ఇంటినుండి కూరగాయల మార్కెట్టునకు, బడికి, బస్సుస్టాండునకు మనము దినదినము చేయునది. దీనికి ఫలశ్రుతి యెవ్వరును జెప్పలేదు గాని, గృహిణి తన జీవితకాలమున నడచు దూరములో నధికభాగము దీనిదే.

మంచిర్యాల గోదావరి యుత్తరపు టొడ్డున నున్నది. 1929లో కాజీపేట, బల్లార్షాల నడుమ రైలుదారి పూర్తియై మదరాసునకును ఢిల్లీకిని సూటిగ బండ్లు నడువసాగెను. ఆ దారిమీదిదే మా యూరు. 2016 అక్టోబరు 11వ తేదీన ఆదిలాబాదునుండి విడివడి తానే యొక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఒకవైపు సింగరేణి గనులు. ఒకవైపు లక్షెట్టిపేట, జన్నారముల పల్లెలు. గనులవారును, పల్లెలవారును, ఆసుపత్రికి వచ్చువారును, కచేరీలకు వచ్చువారును బెల్లంపల్లి చౌరస్తాలోను, ఐ.బి. చౌరస్తాలోను గలిసికొందురు. వారి బండ్లును అచ్చటనే కలిసికొనును. చిక్కంతయు నదియే.

మోటారుబస్సు మనకు క్రొత్తది గాదు. నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డురవాణా శాఖ నారంభించిరి. నేటి తెలంగాణ ఆర్టీసీకి మూలమదియే. 2023 డిసెంబరు 9వ తేదీనుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్రపు స్త్రీలకు టిక్కెట్టు సొమ్ము లేదు. దీనిని గూర్చి మగవారు అరుగులమీద జేయు పరిహాసములు నేను విననివి గావు. బస్సులు క్రిక్కిఱిసి సీటు దొరకకపోవుటయు నిజమే. అయినను, గూడెము గుట్టమీది సత్యనారాయణస్వామిని జూచి రావలెనన్న ముసలమ్మ ఇప్పుడు కొడుకు నెదుట చేయి చాపనక్కఱలేదు. లక్షెట్టిపేటలో కాపురమున్న కూతును జూడవలెనన్న తల్లి పండుగదాక నాగనక్కఱలేదు. ఈ స్వేచ్ఛ యెంతటిదో చిల్లర లెక్కించుకొని బ్రదికినవారికే తెలియును.

ఇల్లు నడపు మనకు లెక్క క్రొత్తగాదు గనుక నొక లెక్క చూతము. బస్సు లీటరు డీజిలుకు సుమారు 5 కిలోమీటర్లు నడచునని యనుకొందము. అందు 50 మంది కూర్చుండిన, ఆ లీటరు ఒక్క మనిషిని 250 కిలోమీటర్లు మోసినట్లే. స్కూటరుమీద నొక్కడే పోయిన 45. కారులో నొక్కడే పోయిన 15. పెట్రోలు లీటరు కాలినచో 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. విద్యుత్తు స్కూటరునకు పొగ లేదందురు. మా వీథిలో లేదు, నిజమే. కాని మన విద్యుత్తులో గొంత జైపూరులోని సింగరేణి కేంద్రమున బొగ్గు కాల్చియే కదా పుట్టుచున్నది! పైగా ఆ స్కూటరును వీథిలో పెట్రోలు బండి యంత చోటు నాక్రమించును.

ఇంత మేలైన బస్సుండగా బండ్లేల పెరుగుచున్నవి? నాకు దోచినంతవఱకు, మన ప్రయాణము బస్సులో తెగుట లేదు. బస్సు దిగిన పిదప ఇల్లు చేరు అరమైలులో తెగుచున్నది. కాలిదారి యుండవలసిన చోట దుకాణపు సామాను పఱచియుండును. దానిముందు మోటారుసైకిళ్లు వరుసగ నిలిచియుండును. మురుగుకాల్వపై బండ యొకచో నుండును, ఒకచో నుండదు. వేసవిలో వేడి 45 డిగ్రీలు దాటు ఊరిలో తల దాచుకొనుటకు చెట్టునీడ కఱవు. కూరల సంచితో నడివీథిలోనికి దిగిన స్త్రీకి వెనుకనుండి హారను. చీకటి పడినచో ట్యూషనునుండి వచ్చు బాలికకు దీపము లేని సందు. ఆ భయమున తండ్రి బండి కొనును. బండ్లు పెరిగినకొలది నడచువారికి భయము పెరుగును. బీజాంకుర న్యాయమునకు ఇంతకంటె నుదాహరణము వలదు.

బాహుకుడు రథము తోలగా ఋతుపర్ణుని యుత్తరీయము జాఱెననియు, ఆపుమనునంతలో యోజనము గడచెననియు భారతకథ. ఆ తొందరకు దమయంతీ స్వయంవరము కారణము. మన చౌరస్తాలో నంతకు మించిన వేగమున బోవు కుఱ్ఱవాడు చాయ దుకాణమున దిగును.

కూరలమ్ము నవ్వలను దారికడ్డమని గసరువారు గలరు. ఆమె తట్ట యాక్రమించు చోటెంత, ఆ ప్రక్క నిలిచిన కారు ఆక్రమించు చోటెంత? 2014లో పార్లమెంటు చేసిన చట్టము వీథులలో నమ్ముకొనువారికి హక్కును, నియతమైన చోటును గల్పించినది. ఆమె యుండుటచేతనే మనము నడచి కూరలు తెచ్చుకొనగలుగుచున్నాము.

గౌరవమను దయ్యము మఱియొకటి. మా యింటివారు బడికి నడచియే పోవుదురు, “పంతులుగారు ఇంకను బండి కొనలేదా?” యని యడుగనివారు లేరు. పెండ్లి మాటలలో అల్లునికి మోటారుసైకిలు పెట్టుటకై తండ్రి యప్పుచేయును. ఆ బండిమీద కూతురు వెనుక కూర్చుండునే గాని తోలదు. ఆమెకు పదియేండ్లప్పుడే వచ్చిన సైకిలు తొక్కుట మాత్రము పదవతరగతితో మాన్పింతుము! తమిళనాడున పుదుక్కోట్టై జిల్లాలో 1990వ దశకపు తొలియేండ్లలో, అక్షరాస్యతా యుద్యమముతో పాటు వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు నేర్చిరి. ముందు బిడ్డను, వెనుక నీళ్లబిందెను బెట్టుకొని బస్సుకై కాచుకొనకయే తిరిగిరి. నవ్వినవారు నవ్విరి, పిదప మానిరి. మంచిర్యాల నేల ఎత్తుపల్లములు గల కొండసీమ గాదు. సైకిలునకు బాగుగ నొప్పును.

మా వీథిలో నలుగురు తల్లులు వంతులవారిగ పిల్లలను నడిపించి బడికి దీసికొనిపోయినచో, నాలుగు స్కూటర్లు ప్రొద్దుట బడి వాకిట దిగవు. ఇది మనచేతిలోని పని. బండలు, దీపములు, చెట్లు మనచేతిలోనివి గావు, పురపాలకుల నడుగవలసినవి. తెలంగాణ పురపాలక సంఘములలో సగము స్థానములు స్త్రీలకు గేటాయింపబడినవి. కనుక ఆ స్త్రీసభ్యులను మనము పిలుతము. అర్జీ చేతికిచ్చి రాక, వైశాఖమాసమున నొకదినము, ఎండ తగ్గిన పిమ్మట గాక సరిగ పండ్రెండు గంటలకు, చేతికొక నిండు సంచి యిచ్చి, బస్సుస్టాండునుండి మార్కెట్టు మీదుగ మా యింటిదాక మాతో నడువుమందము. మజ్జిగ మేమే యిత్తుము.