లాటరీ తగిలిందా బావా?

అర్ధరాత్రి దాటాక అమెరికా నుంచి ఫోనొస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. మొన్న మే నెలలో నాకూ అలాగే అయింది.

''తగల్లేదురా. ఈసారి కూడా తగల్లేదు'' అన్నాడు డాలస్‌లో ఉండే మా బావ.

ఉద్యోగమేమైనా పోయిందేమోనని కంగారుపడ్డా. తీరా చూస్తే... జింక! కాదు, జింకకు పెద్దన్న. ఎల్క్ అంటారు. మగది మూడు క్వింటాళ్లు తూగుతుంది. మన అనంతగిరి కణుజు కూడా దాని ముందు చిన్నబోతుంది. దాన్ని వేటాడేందుకు వయోమింగ్ రాష్ట్రం ఇచ్చే అనుమతి కాగితం, అదే 'ట్యాగ్', డ్రాలో రాలేదట. దానికి ఆ ఏడుపు!

తాండూరులో నాపరాళ్ల గుట్టల మీద ఆడుకుని పెరిగిన మనిషికి ఈ పిచ్చి ఎక్కడ అంటిందో తెలీదు. ఆఫీసులో ఒక తెల్ల స్నేహితుడు అంటించాడంటుంది అక్క.

అంతకుముందు డిసెంబరులో వచ్చినప్పుడు ఆ లాటరీ భాగోతమంతా మాకు వివరించాడు. ఎక్కడంటారా? మామయ్య కందిచేలో, మంచె మీద. కాయ ముదిరే రోజులు. తాండూరు కందికి 2022లో జీఐ ట్యాగ్ వచ్చింది. ఆ ట్యాగ్ సంగతి అడవిపందులకు తెలీదు కదా! రాత్రంతా డబ్బా కొడుతూ కూర్చోవాల్సిందే.

''అక్కడ అడవిలో జంతువులు సర్కారువి, అంటే జనానివి. ఏటా లెక్కేసి, ఎన్ని కొడితే మంద తగ్గిపోదో చూసి, అన్ని ట్యాగులే ఇస్తారు. సొంత రాష్ట్రం వాళ్లకు అగ్గువ. అరవై డాలర్లలోపే. నేను టెక్సాస్ వాణ్ని కదా, నాకు దాదాపు ఏడొందలు'' అన్నాడు బావ.

''గదేం న్యాయంరా?'' అన్నాడు మామయ్య.

ఆ మాట అక్కడి సుప్రీంకోర్టు దాకా ఎప్పుడో వెళ్లింది. మోంటానాలో సొంత రాష్ట్రం వాళ్లకు ఎల్క్ లైసెన్సు 9 డాలర్లకే ఇచ్చి, బయటివాళ్లను మాత్రం 225 డాలర్ల కాంబినేషన్ లైసెన్సు కొనాల్సిందేనన్నారు. 1978లో కోర్టు అది తప్పు కాదంది. వేట వినోదమే తప్ప బతుకుతెరువు కాదు కాబట్టి, రాష్ట్రాలు ఆ తేడా చూపొచ్చని తేల్చింది.

రేటొక్కటే కాదు, కోటా కూడా. న్యూమెక్సికోలో డ్రాకు పెట్టే ట్యాగుల్లో నూటికి 84 స్థానికులకే. గైడును పెట్టుకునేవాళ్లకు 10, మిగిలిన బయటివాళ్లకు 6. వయోమింగ్‌లో బయటివాళ్లకు పాయింట్లు కూడా ఉంటాయి. ట్యాగ్ రాని ఏడాదికో పాయింటు కొనుక్కుని దాచుకోవాలి. బయటివాళ్ల వాటాలో మూడొంతులు పాయింట్లు ఎక్కువున్నవాళ్లకు, ఒక వంతు ఎవరికైనా తగిలే లాటరీ. ట్యాగ్ వచ్చినా ఫెడరల్ 'విల్డర్‌నెస్' అడవుల్లోకి గైడు గానీ, స్థానికుడు గానీ తోడు లేకుండా వేటకు వెళ్లకూడదు.

మామయ్యకు ఇదంతా చప్పున అర్థమైపోయింది. ''వైన్‌షాపుల డ్రా లెక్కనే అన్నట్టు!'' అన్నాడు. 2023లో మన దగ్గర మద్యం దుకాణాల దరఖాస్తుకు రెండు లక్షలు కట్టారు, తగలకపోతే తిరిగిరావు. బావ నవ్వాడు. ''నయం నాన్నా, వయోమింగ్‌లో దరఖాస్తు ఫీజు పదిహేను డాలర్లు పోతే పోతుంది, ట్యాగ్ డబ్బులు వాపస్ ఇస్తారు.''

బావకు 2014లో హెచ్1బి వచ్చిందీ లాటరీలోనే. గ్రీన్‌కార్డుకేమో దేశాలవారీ పరిమితి, ఏళ్లకేళ్ల వరస. ఇంకో తమాషా... వీసా మీదున్నవాళ్లు అక్కడ తుపాకీ పట్టకూడదు, వేట లైసెన్సుంటే తప్ప! ''నీ బతుకంతా వరసల్నే నిలబడుడాయెగదరా'' అన్నాడు మామయ్య. ఆ మాటకు బావ నవ్వలేదు.

''మరి మనకు గసుంటి కాగితం లేదా?'' అని మామయ్య అడిగింది నన్ను. పేపర్లో పనిచేస్తాను కాబట్టి నాకన్నీ తెలుసని ఆయన నమ్మకం.

ఒకప్పుడు ఉండేది. 1972 వన్యప్రాణి చట్టంలో 'బిగ్ గేమ్' లైసెన్సని అచ్చంగా ఆ పేరుతోనే ఉండేది. 1991 సవరణతో అది పోయింది. ఇప్పుడు అడవిపందిని కొట్టాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆ అధికారం పొందిన అధికారి గానీ కారణం చూపించి, రాసి అనుమతివ్వాలి. నిలబడ్డ పంటకు నష్టం అనేది చట్టం ఒప్పుకునే కారణమే. మనమే కొడతామంటే కుదరదు. అర్జీ పెట్టుకోవాలి.

''గా అర్జీ పోయి వచ్చేసరికి కంది ఉంటదా?''

నా దగ్గర జవాబు లేదు. తెల్లారి చూస్తే చేను పడమటి వైపు ఆరు సాళ్లు నేలమట్టం. మామయ్య ఏమీ అనకుండా పశువుల కొట్టంలోకెళ్లి జీఐ వైరు చుట్ట పట్టుకొచ్చాడు. ఎందుకో మాకు తెలుసు. పందుల కోసం పెట్టిన కరెంటు తీగ రాత్రిపూట నీళ్లు పెట్టబోయిన మనిషిని పట్టుకోవడం మన జిల్లా పేజీల్లో కొత్త కాదు. అలాంటి వార్తలు నేను కూడా రాశాను.

బావ ఆ చుట్ట లాక్కున్నాడు. తండ్రీకొడుకులు పెద్దగా అరుచుకున్నారు. అత్తయ్య అడ్డం పడింది. మధ్యాహ్నం ముగ్గురం వికారాబాద్ వెళ్లి, విరిగిన సాళ్ల ఫోటోలతో అర్జీ ఇచ్చొచ్చాం. మిగిలిన పద్దెనిమిది రోజుల సెలవులో అనంతగిరికి, హైదరాబాదుకు అని వేసుకున్నవన్నీ మానేసి, బావ రోజూ రాత్రి మంచె మీదే పడుకున్నాడు.

పోయిన వారం మామయ్యకు ఫోన్ చేశా. వానకాలం కంది వేశాడట. పందులు వస్తున్నాయా అని నేను అడగలేదు. వైరు చుట్ట ఎక్కడుందని అడిగా.

''కొట్టంలనే ఉంది లేరా'' అన్నాడు.