కళుగుమలై పేరులో ఐత్వం

ఊరి పేరును పాడుచేసే యంత్రాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక పాట రాసుకున్న ఫైలుకు 'కళుగుమలై' అని పేరు పెట్టి, ఫైళ్ల మార్పులను నమోదుచేసే గిట్‌లో చేర్చి, ఏమేం మారాయో చూపమంటే అది \340\260\225 అని మొదలుపెడుతుంది. అదంతా కలిపి ఒక్క 'క'. యూటీఎఫ్-8 సంకేతంలో ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు. గుణింతాలు విడదీస్తే ఊరి పేరులో 8 గుర్తులు, అంటే 24 బైట్లు. తెర మీద మాత్రం 96 స్థానాల అంకెలూ గీతలూ! 'కోర్ కోట్‌పాత్' అనే అమరికను ఆపేస్తే పేరు పేరులాగే కనిపిస్తుంది. ఆ అమరిక మొదటినుంచీ ఆగి ఉండాల్సింది. ఇంగ్లీషు పేరు పెట్టినవాడు వెతుక్కోనక్కరలేని దాన్ని మనం మాత్రం ఎందుకు వెతుక్కోవాలి?

అయినా అది పైపై చిక్కే, ఫైలుకు ఏమీ కాదు. అసలు తగువు చివరి 'లై' దగ్గరుంది. తెలుగు యూనికోడ్ పట్టిక మొత్తంలో రెండు ముక్కలుగా విడగొట్టవచ్చని నియమం ఉన్న గుర్తు ఒక్కటే, ఐత్వం. పైన ఎత్వం, కింద తోక. ఒకే గుర్తుగా దాస్తే \340\261\210, విడగొట్టి దాస్తే \340\261\206\340\261\226. కంటికి రెండూ ఒకటే. మాక్‌లోని పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి ఫైలు పేర్లను విడగొట్టి దాచేది. లినక్స్ ఇచ్చిన బైట్లను ఇచ్చినట్టే ఉంచుతుంది. గిట్‌కు పేరంటే బైట్ల వరసే. అందుకని ఒకే కళుగుమలై రెండు ఫైళ్లయి కూర్చునేది. 2012లో వచ్చిన గిట్ 1.7.12 కూర్పులో, మాక్ మీద విడిపోయిన పేర్లను మళ్లీ అతికించి చదివే అమరిక పెట్టారు. ఆ పని చేసినవాళ్లకు దండం పెడతాను.

గుంటూరుకు ఈ బాధ లేదు. కర్నూలుకు, విజయవాడకు కూడా లేదు. తమిళనాట మా వైపు చూడండి: మదురై, చెన్నై, శివగంగై, రచయిత కి. రాజనారాయణన్ పుట్టిన ఇడైసెవల్. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మా కరిసల్ (నల్లరేగడి) నేలలో ఏ ఊరి పేరు రాయబోయినా ఐత్వం ఎదురొస్తుంది. ఏదో కోవిల్‌పట్టి, విరుదునగర్ తప్పించుకున్నాయి. పోనీ తమిళులు పలికినట్టే 'కఴుగుమలై' అని రాద్దామా అంటే, మన పాత శాసనాల్లో ఉన్న ఆ ఴ తెలుగు పట్టికలోకి వచ్చిందే 2014లో, యూనికోడ్ 7.0తో. ఇప్పటికీ కొన్ని ఫాంట్లలో అక్కడ ఖాళీ డబ్బా కనిపిస్తుంది.

మార్పుల చరిత్ర దాచిన పాత ఖజానాలను కొత్త వ్యవస్థలోకి దిగుమతి చేసేవాళ్ల మీద నాకు ఇంకా పెద్ద కోపముంది. గిట్‌కు ముందున్న సీవీఎస్ కాలంలో ప్రతి మార్పుతో పాటు పెట్టిన సందేశాలు ఏ సంకేతంలో రాశారో ఎక్కడా నమోదై ఉండదు. దాని తర్వాత వచ్చిన సబ్‌వర్షన్‌కు మార్చేటప్పుడు ఏ సంకేతాలను ఏ వరసలో ప్రయత్నించాలో మనమే చెప్పాలి. తప్పు చెబితే 'క' ఉండాల్సిన చోట తల మీద గీత పడ్డ ఇంగ్లీషు 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తు, ఆ తర్వాత నల్ల బొట్టు వస్తాయి. చూడ్డానికి ఘోరంగా ఉన్నా బైట్లు పోలేదు కాబట్టి వెనక్కి తిప్పుకోవచ్చు. నేను ఒకప్పుడు పనిచేసిన చోట అలా కూడా మిగల్చలేదు. అర్థంకాని ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం పెట్టి, పని పూర్తయిందని చెప్పి, పాత ఖజానా చెరిపేశారు. ఏళ్లతరబడి మేం తెలుగులో రాసుకున్న సందేశాలన్నీ ప్రశ్నార్థకాల వరసలయ్యాయి. ప్రశ్నార్థకాన్ని తిరిగి 'క' చేసే విద్య ఎవరి దగ్గరా లేదు. దిగుమతి మధ్యలో ఆగిపోయినా సరే, ఆ గుర్తు మాత్రం పెట్టకూడదు.

నేను ఫైళ్లుగా రాసుకుంటున్న పాటలు మా పెద్దమ్మవి. ఆమె నోటుపుస్తకంలో పెళ్లిపాటలన్నీ తెలుగే, రాత మాత్రం తమిళ అక్షరాల్లో. మా వైపు ఆమె వయసువాళ్లలో చాలామందికి వచ్చిన లిపి అదే. అందులో క, గ రెండింటికీ ఒకే అక్షరం, త, ద లకూ అంతే. ఆ పాటలు తెలుగు లిపిలోకి తేవాలంటే ఆమె పాడాలి, నేను వినాలి. పొయ్యి దగ్గరే కూర్చుని పాడుతుంది. 'గ'ను 'క'గా రాసి చదివి వినిపిస్తే "కాదురా, గట్టిగా పలకాలి" అని పాట ఆపేస్తుంది. విరుదునగర్‌లో ఉన్న ఆమె చెల్లెలు అదే పాటను ఇంకోలా పాడుతుంది, అక్కది తప్పంటుంది. ఇద్దరి పాఠాలూ గిట్‌లో వేరువేరు శాఖలుగా పెట్టాను. కలపమని ఎవరడిగినా కలపను.