బిల్లులో ‘క్యాట్‌ఫిష్ – 6’

2017 మే నెలలో కేంద్ర పర్యావరణ శాఖ పశువుల సంతలపై నిబంధనలు తెచ్చినప్పుడు దేశమంతా వాదోపవాదాలతో హోరెత్తింది. కేరళలో నిరసన విందులు జరిగాయి, న్యాయస్థానాల్లో వ్యాజ్యాలు పడ్డాయి. అదే నెలలో అదే శాఖ అక్వేరియం చేపల దుకాణాలపై కూడా నిబంధనలు జారీ చేసిన సంగతి ఆ హోరులో ఎవరికీ పట్టలేదు. ఆ తర్వాత ప్రభుత్వం వాటిని నిశ్శబ్దంగా ఉపసంహరించుకుంది. అప్పుడూ ఎవరికీ పట్టలేదు. కనుక ఇప్పటికీ చేపను కొన్నవాడే తనిఖీ అధికారి, వాడే వైద్యుడు.

గత నెల ఢిల్లీలో మా అమ్మాయి తొట్టె కోసం ఆరు చేపలు కొన్నాం. బిల్లు మీద ‘క్యాట్‌ఫిష్ – 6’ అని మాత్రమే ఉంది. మీసాల చేపలకు మన భాషలో పేర్ల కరువు లేదు. వాలుగ వేరు, జెల్ల వేరు, మార్పు వేరు, ఇంగిలాయి వేరు. ఏరు పక్కన పుట్టినవాళ్లెవరూ ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడరు. అంగడి మాత్రం అన్నిటినీ ఒకే పేరులోకి తోసేసింది. పైగా దొంగచాటుగా పెంచే నిషేధిత ఆఫ్రికన్ రకం పుణ్యమా అని, మన పత్రికల్లో ‘క్యాట్‌ఫిష్’ అనే మాటకు నేరవార్తల వాసన కూడా అంటుకుంది.

ఆరింటిలో నాలుగింటి గుర్తింపు సులభమే. పక్కల వెంట పెంకుల్లా పేర్చిన రెండు వరుసల ఎముక పలకలు, కిందికి వాలిన పొట్టి మీసాలు. ఇవి కోరిడోరస్‌లు. 2024లో శాస్త్రజ్ఞులు ఈ ప్రజాతిని చీల్చి కొన్ని పాత పేర్లను పునరుద్ధరించారు. అసలు పేరు పొడుగు ముట్టె ఉన్న వర్గానికే దక్కింది. పార్టీ చీలికలో ఎన్నికల గుర్తు ఎవరికి దక్కిందో రాసి రాసి అలసిన నాకు ఈ తీర్పు వింతగా అనిపించలేదు.

చిక్కంతా మిగిలిన రెండింటితోనే. దుకాణదారుడు రెండింటినీ ‘సక్కర్’ అనే అన్నాడు, తొట్టె శుభ్రం చేస్తాయన్నాడు. వేలెడు పొడవున్నప్పుడు ఈ జాతులు ఒకేలా కనిపిస్తాయి. ఆన్సిస్ట్రస్ అయితే 12–15 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. టెరిగోప్లిక్తిస్ అయితే అడుగు దాటి పెరుగుతుంది. తేడా వీపు మీది రెక్కలో ఉంది. ముందున్న ముల్లును వదిలేసి, వెనుక ఉన్న మెత్తని కాడలను లెక్కపెట్టాలి. ఆన్సిస్ట్రస్‌కు సాధారణంగా ఏడు, రెండో దానికి తొమ్మిదికి తక్కువ ఉండవు. అయితే ఏడు కనిపించగానే నిశ్చింత పడకూడదు, పెద్దగా పెరిగే హైపోస్టోమస్‌కూ ఏడే. అప్పుడు ముట్టె అంచు చూడాలి. ఆన్సిస్ట్రస్‌కు అక్కడ పలకలుండవు, నున్నగా ఉంటుంది. చేప రెక్క విప్పే క్షణం కోసం టార్చి పట్టుకుని ఫొటోలు తీశాం. ఒకదానికి ఏడు కాడలు, నున్నని ముట్టె. రెండోదానికి పన్నెండు.

ఆరోగ్యానికి మొదటి సాక్ష్యం పొట్ట. సక్కర్ అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట లోపలికి పీక్కుపోయి, కళ్లు గుంటలు పడి ఉంటే అది చాలా రోజులుగా పస్తులున్నట్టే. ఇది పాచి తిని బతికేస్తుందనే అపోహ చాలా చేపల ప్రాణం తీస్తోంది. కోరిడోరస్‌లకు మీసాలు అరిగి మొండిగా ఉన్నాయా, పొట్ట కింద ఎర్రటి మచ్చలున్నాయా, మొప్పలు వేగంగా కొట్టుకుంటున్నాయా చూడాలి. అప్పుడప్పుడు పైకి దూసుకెళ్లి గాలి మింగడం వాటి సహజ లక్షణం. పదే పదే అదే పని చేస్తే నీటిలో ప్రాణవాయువు చాలడం లేదని అర్థం. ఇవన్నీ దీపాలు ఆర్పాక బాగా తెలుస్తాయి, ఎక్కువ రకాలు రాత్రే తిరుగుతాయి కనుక.

సంచీ నీళ్లు పారబోసి చేపలను విడి టబ్బులో ఉంచాం. ఒక స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్క, నాలుగు వారాల గడువు. తొమ్మిదో రోజున తెల్లమచ్చలు కనిపించాయి. ఈ పరాన్నజీవి చర్మంలో ఉన్నంతకాలం మందుకు లొంగదు. రాలి, అడుగున చేరి, విభజన చెంది, కొత్త చేపను వెతుక్కుంటూ ఈదే దశలోనే చస్తుంది. అందుకే మచ్చలు మాయమయ్యాక కూడా చికిత్స కొనసాగించాలి. మీసాల చేపలు మందులకు సున్నితమైనవి కాబట్టి సగం మోతాదుతోనే మొదలుపెట్టాం. మొదటినుంచీ పొట్ట పీక్కుపోయి ఉన్న కోరిడోరస్ ఒకటి పదకొండో రోజున చనిపోయింది. మిగిలిన ఐదూ నిలిచాయి.

పన్నెండు కాడల చేప సంగతి వేరు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ జాతి మన అక్వేరియంలలోంచే తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలకు, గంగకు, ఆంధ్ర, తెలంగాణ జలాలకు చేరింది. తెలుగు పత్రికలు దీన్ని దెయ్యం చేప అంటాయి. వలలను చించే ఆ ముళ్లను చూసినవారికి ఆ పేరు అతిశయోక్తి అనిపించదు. నీటిలోని డీఎన్ఏ జాడల ద్వారా దీని ఉనికిని పసిగట్టే పరీక్షను హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు రూపొందించారు. తొట్టె చాలక దయతో చెరువులో వదిలేవారి ప్రమేయం ఇందులో తక్కువేం కాదు.

‘‘నాన్నా, పెద్దదైతే యమునలో వదిలేద్దామా? వేరే చేపలు అక్కడ బతకవు, ఇది బతుకుతుంది కదా!’’ అంది మా అమ్మాయి. అది నిజం, గాలి మింగి మురికినీటిలోనూ నెగ్గుకొస్తుంది. వదలకూడదన్న మాటకు కారణం కూడా అదేనని చెప్పాను. తిరిగి తీసుకోవడానికి దుకాణదారుడు ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని చెప్పే నిబంధన నాకైతే కనబడలేదు.

నాలుగడుగుల తొట్టె ధర కనుక్కున్నాం, ప్రస్తుతానికి మా బడ్జెట్‌కు మించినదే. అమ్మాయి అద్దానికి స్కేలు ఆనించి ప్రతి ఆదివారం కొలుస్తోంది. నిన్నటికి తొమ్మిది సెంటీమీటర్లు.